ఆల్టోకి సైలెన్సర్ మార్చాలంటే: జెన్యూన్‌కీ లోకల్‌కీ అసలు తేడా ఎక్కడుంది?

పాత ఆల్టోని లిఫ్ట్ మీద పైకెత్తాక మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎక్కడైనా ఒకటే: "జెన్యూన్ వేయాలా, బయటిది వేయాలా సార్?" చాలామంది ఓనర్లు రెండింటి ధరా విని, ఒక్క క్షణం ఆలోచించి, ఏదో ఒకటి కానివ్వమంటారు. ధర ఒక్కటీ తెలిస్తే ఈ ప్రశ్నకి జవాబు రాదు. కారు ఇంకా ఎన్నేళ్లు ఇంట్లో ఉంటుంది, రోజూ ఎంత దూరం తిరుగుతుంది, సముద్రపు గాలికి ఎంత దగ్గర్లో నిలబడుతుంది అన్న మూడు సంగతులు తెలిస్తే మాత్రం సగం జవాబు తేలిపోతుంది. ఆరు నెలల్లో అమ్మేయాలనుకునే కారుకీ, పిల్లలు డ్రైవింగ్ నేర్చుకునేదాకా ఉంచుకోవాలనుకునే కారుకీ ఒకే సైలెన్సర్ సరిపోదు.

ఆల్టోని ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. 2000లో వచ్చి, 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్‌తో 2023 దాకా అమ్ముడైన ఈ కారు రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి వీధిలోనూ కనిపిస్తుంది. విడి భాగాలు అన్ని రకాలుగానూ దొరుకుతాయి కాబట్టి, ఎంపికలో తికమక కూడా దీనికే ఎక్కువ. ఇక్కడ చెప్పే లెక్కలు కొద్ది తేడాలతో వ్యాగన్ ఆర్, ఇయాన్, క్విడ్ లాంటి చిన్న కార్లన్నిటికీ పనికొస్తాయి.

ముందు ఏ ముక్క పోయిందో తెలియాలి

ఇంజిన్ నుంచి వెనక బంపర్ దాకా ఉన్న గొట్టం మొత్తాన్నీ మనం సైలెన్సర్ అనే అంటాం. కానీ అందులో ధరల్లో పొంతనే లేని భాగాలు చాలా ఉన్నాయి. ఇంజిన్‌ని ఆనుకుని మ్యానిఫోల్డ్, ఆ తర్వాత విష వాయువుల్ని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, ముందు వెనకల ఆక్సిజన్ సెన్సర్లు, మధ్యలో పైపు, దాని మీద కొన్ని మోడళ్లలో ఒక చిన్న డబ్బా, చివర్లో పెద్ద డబ్బా. చప్పుడు తగ్గించే అసలు మఫ్లర్ ఈ చివరి డబ్బానే. తుప్పు పట్టి పోయేది కూడా ఎక్కువగా ఇదే. ధర విషయంలో మాత్రం అన్నిటికంటే బరువైనది కన్వర్టర్. దాని లోపలి పూతలో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. కొన్నేళ్ల క్రితం గుజరాత్, మహారాష్ట్రల్లో మారుతీ ఈకో వ్యాన్ల "సైలెన్సర్లు" వరసగా దొంగతనానికి గురైనప్పుడు దొంగలకి కావాల్సింది ఇనుము కాదు, ఈ పూతే.

కాబట్టి "సైలెన్సర్ పోయింది, మొత్తం మార్చాలి" అని ఎవరైనా అంటే, ఏ ముక్కో వేలు పెట్టి చూపించమని అడగడం తప్పు కాదు. చాలాసార్లు మొత్తం మార్చాల్సిన పనే ఉండదు. కారు కింద గలగలమంటుంటే అది వేడి తగలకుండా పెట్టిన పల్చటి రేకు బోల్టు ఊడి అదురుతున్న చప్పుడు కావచ్చు, ఒక పెద్ద హోస్ క్లిప్ బిగిస్తే పోతుంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా ధన్ ధన్ మని తగులుతుంటే డబ్బాని మోసే రబ్బరు తెగి ఉండొచ్చు. మొత్తం సిస్టమ్‌లో అతి చవకైన భాగం అదే.

లీకు ఎక్కడుందో కనుక్కోవడం కష్టమేమీ కాదు. ఉదయం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, వెనక పైపు మూతికి మందపాటి గుడ్డ మడత పెట్టి రెండు మూడు సెకన్లు అడ్డం పెడితే, చిల్లు ఉన్న చోట బుస్సుమని గాలి తన్నుతుంది. పక్కన ఇంకొకరు కింద చెవి పెట్టి వింటే చాలు. ఇంజిన్ ఆపేసి, చల్లారాక డబ్బాని చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. గట్టి రేకైతే ఖంగుమంటుంది, తుప్పు తిన్నదైతే మొద్దుగా మోగుతుంది. లోపల ఏదో దొర్లుతున్నట్టు వినిపిస్తే లోపలి పలకలు ఊడిపోయాయని అర్థం. ఇది పైకి చిల్లు లేకపోయినా వస్తుంది, ఊడిన పలక దారికి అడ్డం పడితే కారు ఎత్తు ఎక్కలేక ఈసురోమంటుంది. పికప్ లేదని క్లచ్చు ప్లేట్లు మార్పించుకున్నాక అసలు దోషం వెనక డబ్బాలో బయటపడటం గ్యారేజీల్లో అరుదేమీ కాదు.

మైలేజ్ గురించి ఒక మాట. "సైలెన్సర్ చిల్లు పడింది కదా, అందుకే మైలేజ్ పడిపోయింది" అని చెప్పేస్తుంటారు. చిల్లు ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు ఉంటే అది నిజమే. ఇంజిన్ నుంచి పొగ ఒకే ధారగా రాదు, తెరలు తెరలుగా వస్తుంది. ఒక తెరకీ ఇంకో తెరకీ మధ్య పీడనం తగ్గినప్పుడు బయటి గాలి చిల్లులోంచి లోపలికి పోతుంది. సెన్సర్ దాన్ని చూసి పెట్రోల్ తక్కువైందని పొరబడుతుంది, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ఇంకొంచెం పెట్రోల్ పోస్తుంది. కానీ చిల్లు పడింది చివరి డబ్బాలో అయితే సెన్సర్‌కి దాని సంగతే తెలియదు. చెవులకి బాధ తప్ప మైలేజ్‌కి చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. ఆ రెండింటికీ ముడిపెట్టి ఎవరైనా తొందరపెడితే కాస్త ఆగొచ్చు.

తుప్పు లోపలి నుంచి మొదలవుతుంది

కింద నుంచి వాన నీళ్లు, బురద తగలడం వల్లే డబ్బా తుప్పు పడుతుందని అనుకుంటాం. చిన్న కార్ల విషయంలో అసలు శత్రువు లోపలే పుడుతుంది. పెట్రోల్‌లో ఉన్న హైడ్రోజన్ మండినప్పుడు నీరవుతుంది. లెక్క వేస్తే ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. ఇంజిన్ దగ్గర వందల డిగ్రీల వేడి ఉంటుంది కాబట్టి అక్కడ అది ఆవిరిగానే ఉంటుంది. వెనక డబ్బా దాకా వచ్చేసరికి, డబ్బా రేకు ఇంకా వేడెక్కకపోతే, సుమారు 50-55 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి చోటా ఆవిరి నీటి బొట్లై నిలుస్తుంది. పొగలోని ఆమ్ల వాయువులు ఆ నీటిలో కరుగుతాయి. ఇంజిన్ ఆపేశాక ఆ పుల్లటి నీరు డబ్బా అడుగున చేరి, మర్నాడు దాకా రేకుని తింటూ కూర్చుంటుంది.

ఇక్కడే వాడకం తేడా తెలుస్తుంది. రోజూ హైదరాబాద్ నుంచి సంగారెడ్డి దాకా వెళ్లొచ్చే కారులో డబ్బా బాగా వేడెక్కి, నీరంతా ఆవిరై పోతుంది. అదే ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న స్కూలుకీ, కూరగాయల మార్కెట్‌కీ మాత్రమే తిరిగే కారులో డబ్బా ఎప్పుడూ పూర్తిగా ఆరదు. ఓడోమీటర్ మీద పాతిక వేల కిలోమీటర్లు కూడా లేని కారుకి సైలెన్సర్ చిల్లు పడితే ఓనర్ ఆశ్చర్యపోతాడు గానీ, తక్కువ తిరగడమే దానికి కారణం. వారానికి ఒక్కసారైనా అరగంట ఆపకుండా నడిపితే డబ్బా ఆయుష్షు పెరుగుతుంది. కొత్తది వేయించాక కూడా ఇది గుర్తుపెట్టుకోవాల్సిందే.

సీఎన్‌జీ కిట్ ఉన్న కార్లలో ఈ సమస్య మరీ ఎక్కువ. ఒక కిలో పెట్రోల్ మండితే వచ్చే నీరు 1.4 కిలోలైతే, సీఎన్‌జీలో ప్రధానంగా ఉండే మీథేన్ ఒక కిలో నుంచి 2.25 కిలోలు వస్తుంది. అంటే సీఎన్‌జీ మీద ఊళ్లోనే తిరిగే కారుకి పల్చటి రేకు డబ్బా వేయించడం అంటే కొద్ది రోజుల్లో మళ్లీ అదే గ్యారేజీకి రావడమే. సముద్రం పక్కన విశాఖలోనో కాకినాడలోనో అయితే బయటి నుంచి ఉప్పు గాలి కూడా తోడవుతుంది. లోపల ఆమ్లం, బయట ఉప్పు, మధ్యలో మిల్లీమీటరు మందం రేకు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల ఆరో మెట్టు) పెట్రోల్‌లో గంధకం 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో పది) లోపే ఉంటుంది, అంతకు ముందు బీఎస్-4 పెట్రోల్‌లో 50 దాకా ఉండేది. గంధకం తగ్గితే ఆమ్లమూ తగ్గుతుంది. అది మంచి మార్పే కానీ నీరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

వరద సంగతి వేరు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ మునిగిన కార్లలో చాలావాటికి ఇంజిన్, సీట్లు, వైరింగ్ బాగు చేయించుకున్నారు, సైలెన్సర్ని ఎవరూ పట్టించుకోలేదు. వెనక పైపు నుంచి లోపలికి పోయిన నీరు ఆవిరైనా, దానితో వచ్చిన సన్నటి ఒండ్రు డబ్బా లోపలి గదుల మూలల్లో ఉండిపోతుంది. అది తేమని పట్టి ఉంచుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఆ డబ్బాని తట్టి చూడటం మంచిది.

రేకు ఏమిటి?

మామూలు ఇనుప రేకు మీద నల్ల రంగో వెండి రంగో కొట్టిన డబ్బాలు అన్నిటికంటే చవక. షాపులో చూడటానికి మెరిసిపోతాయి. ఆ రంగు పైపైనే ఉంటుంది, లోపల ఏ రక్షణా ఉండదు. ఇంతకు ముందు చెప్పినట్టు దాడి జరిగేది లోపలే కదా.

రెండో రకం అల్యూమినియం పూత పూసిన ఉక్కు. కరిగిన అల్యూమినియంలో రేకుని ముంచి తీస్తారు కాబట్టి లోపలా బయటా రెండు వైపులా పూత ఉంటుంది. చిన్న కారుకి ధరకీ మన్నికకీ ఇది చక్కగా సరిపోతుంది. దీని బలహీనత వెల్డింగ్ చేసిన చోట్లు. అతుకు దగ్గర పూత కాలిపోతుంది, తుప్పు అక్కడ మొదలవుతుంది. అందుకే ఈ రకం డబ్బా కొనేటప్పుడు అతుకుల మీద తర్వాత వేడిని తట్టుకునే పూత వేశారో లేదో చూడాలి.

మూడోది స్టెయిన్‌లెస్. ఇందులో రెండు గ్రేడులు ఎక్కువగా వినిపిస్తాయి. 409లో క్రోమియం 11 శాతం దగ్గర ఉంటుంది, నికెల్ దాదాపు ఉండదు. కార్ల కంపెనీలు ఎగ్జాస్ట్ కోసం ఎక్కువగా వాడేది ఈ కుటుంబాన్నే. పైకి గోధుమ రంగు తుప్పు మచ్చలు వస్తాయి గానీ చిల్లు పడటానికి చాలా కాలం పడుతుంది. 304లో క్రోమియం 18, నికెల్ 8 శాతం ఉంటాయి. మంచి రకం వంటింటి గిన్నెల ఉక్కు ఇదే. అద్దంలా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది. షాపులో అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోవడం లేదు, అసలైన స్టెయిన్‌లెస్" అంటే అది 304 లాంటిది అని అర్థం. కానీ అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన నాసిరకం అనుకోకూడదు, 409 కూడా అంటుకుంటుంది. మామూలు ఇనుమూ అంటుకుంటుంది. ఈ పరీక్ష ఒక వైపే పనిచేస్తుంది. పన్నెండేళ్ల ఆల్టోకి 304తో ప్రత్యేకంగా డబ్బా చేయించడం దండగ. డబ్బా బాగానే ఉంటుంది, కారే ముందు వెళ్లిపోతుంది.

చప్పుడు లెక్క, మూడు సిలిండర్ల తంటా

ఒక డబ్బా బాగా పనిచేస్తుందా లేదా అన్నది దాని లోపల ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది. బయటి కొలతలు ఒకటే ఉన్న రెండు డబ్బాలు పూర్తిగా వేరుగా పలకొచ్చు.

ఆల్టో ఇంజిన్‌లో మూడు సిలిండర్లలో ఒక్కొక్కటీ రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. 3,000 ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర సెకనుకి 75 దెబ్బలు. 2,000 దగ్గర 50. నాలుగు సిలిండర్ల కారులో ఇవే వేగాల్లో 100, 67 వస్తాయి. సిలిండర్లు తగ్గిన కొద్దీ స్వరం లోతుకి దిగుతుంది. లోతైన స్వరాన్ని ఆపడం కష్టం. గాజు పీచు నింపిన డబ్బా కీచుమనే పై స్వరాలని బాగా మింగుతుంది గానీ, 50-75 హెర్ట్జ్ దగ్గరి గుమ్ముమనే మోతకి అది చాలదు. దానికి డబ్బాలో తగినంత జాగా, అందులో గదులు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగి వచ్చే గొట్టాలు కావాలి. శబ్ద తరంగం ఒక గోడకి తగిలి వెనక్కి వచ్చి, ఎదురొచ్చే తరంగాన్ని కొట్టేసేలా ఆ గదుల పొడవుని లెక్క కట్టి పెడతారు. కంపెనీ డబ్బా మీద పెట్టిన ఖర్చులో కనపడనిది ఈ లెక్కే.

లోకల్‌గా చేసే చవక డబ్బాల్లో చాలావాటికి లోపల చిల్లులు పెట్టిన ఒకే ఒక్క నేరు గొట్టం ఉంటుంది, చుట్టూ పీచు. నిలబడి ఉన్న కారులో విన్నప్పుడు పర్వాలేదనిపిస్తుంది. హైవే మీద ఒకే వేగంలో వెళ్తున్నప్పుడు మాత్రం కారు లోపల చెవులు దిమ్మెక్కేలా గుంయ్ మని మోత మొదలవుతుంది. కారు గదిలోని గాలి కూడా అదే స్వరానికి ఊగడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. ఆల్టో లాంటి తేలికైన కారులో శబ్దాన్ని అడ్డుకునే పొరలు తక్కువ కాబట్టి ఇంకా ఎక్కువ తెలుస్తుంది. విజయవాడ నుంచి తిరుపతి దాకా ఆ మోతతో వెళ్లినవాళ్లకి ఆదా అయిన డబ్బు గుర్తుండదు.

దీన్ని కొనే ముందే పట్టుకోవచ్చు. ఫోన్ టార్చ్ ఒక మూతిలోంచి వేసి రెండో మూతి వైపు చూడాలి. వెలుగు నేరుగా అవతలికి కనిపిస్తే లోపల గదులు లేనట్టే. తర్వాత పాత డబ్బాని, కొత్త డబ్బాని చెరో చేత్తో ఎత్తి చూడాలి. పాతది తుప్పు పట్టి రేకు రాలిపోయాక కూడా కొత్తదాని కంటే బరువుగా ఉంటే, కొత్తదానిలో ఏమీ లేదన్న మాట. ఇంతకంటే సులువైన పరీక్ష లేదు, దీనికి ఏ షాపువాడూ అడ్డు చెప్పడు. చెబితే ఇంకో షాపు చూసుకోవడమే.

అదే కారణంతో, "స్విఫ్ట్‌ది వేసేద్దాం, పెద్దది కదా, ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది" అనే సలహా కూడా నమ్మదగింది కాదు. 2024కి ముందు స్విఫ్ట్‌లు నాలుగు సిలిండర్లవి, వాటి స్వరానికి లెక్క కట్టిన గదులు మూడు సిలిండర్ల దెబ్బలకి సరిగ్గా సరిపోవు. పైగా పట్టించడానికి పైపు కోయాలి, కొక్కేలు మార్చాలి.

"ఫ్రీ ఫ్లో" వేస్తే పికప్ వస్తుందా?

పొగకి అడ్డు తగ్గించిన ఫ్రీ ఫ్లో డబ్బా గురించి కుర్రాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, జవాబు పొడిగానే ఉంటుంది. ఆల్టో 800 ఇంజిన్ 6,000 ఆర్పీఎం వద్ద ఇచ్చేది 47 బీహెచ్‌పీ చిల్లర. ఆ వేగంలో కూడా ఈ ఇంజిన్ పీల్చే గాలి నిమిషానికి 2,400 లీటర్లకి మించదు. కంపెనీ పైపు దానికి సరిపడేలాగే పెట్టారు. వెనక డబ్బా ఒక్కటి మార్చి ఐదు శాతం లాభం వచ్చిందని ఊహించుకున్నా, చేతికొచ్చేది రెండున్నర బీహెచ్‌పీ (గుర్రపు శక్తి) కూడా కాదు, అదీ ఎవరూ రోజూ తిప్పని 6,000 ఆర్పీఎం దగ్గర. ఊళ్లో కారు గడిపేది 1,500, 3,000 మధ్యనే. అక్కడ లావు పైపు వేస్తే పొగ వేగం తగ్గి, కింది గేర్లలో లాగుడు మెత్తబడే అవకాశమే ఎక్కువ. చప్పుడు పెరిగింది కాబట్టి వేగం పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే.

చట్టం సంగతి కూడా ఉంది. ప్రయాణికుల కార్లకి తయారీ దశలో పరీక్షించే శబ్ద పరిమితి 74 డెసిబెల్స్. మోటారు వాహన నిబంధనల్లో 120వ నిబంధన ప్రతి వాహనానికీ సైలెన్సర్ ఉండాలంటుంది. 2019 సవరణ తర్వాత, శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్స్ రద్దు. అనుమతి లేని మార్పులు చేసిన ఓనర్ మీద సెక్షన్ 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రోడ్డు మీద కట్టించుకునే చలానా మొత్తం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. హైదరాబాద్, విశాఖ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్ రోలర్‌తో తొక్కించడం అందరూ చూసిందే. అవి బైకులవే ఎక్కువ, కానీ సెక్షన్లు కార్లకీ అవే.

ఏది ఎవరికి?

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరికి రావచ్చు. కారుని ఇంకా నాలుగైదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటే, కంపెనీ భాగమే చివరికి చవక. ధర ఎక్కువే, కానీ కూలి, ప్యాకింగ్ రింగులు, బోల్టులు, పోయిన పూట కూడా లెక్కలో కలపాలి. చవక డబ్బాని రెండుసార్లు మార్పిస్తే ఈ ఖర్చులన్నీ రెండుసార్లు పడతాయి. పైగా కొక్కేల స్థానం, పైపు వంపు, మూతి కొలత సరిగ్గా ఉంటాయి కాబట్టి బిగించేవాడు సుత్తి పట్టుకోవాల్సిన పని ఉండదు. చిన్న ఊళ్లో మామూలు మెకానిక్ దగ్గర చేయించేటప్పుడు ఈ ఒక్క లాభమే పెద్దది.

రెండు మూడేళ్ల లెక్కకైతే పేరున్న విడిభాగాల కంపెనీలు చేసే, అల్యూమినియం పూత డబ్బా చాలు. ఆటోనగర్లలో, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట్ల ఇవి దొరుకుతాయి. కార్ల కంపెనీలకి ఎగ్జాస్ట్‌లు సరఫరా చేసేవాళ్లు వేరే ఉంటారు. మారుతీకి వాటా ఉన్న మార్క్ ఎగ్జాస్ట్ సిస్టమ్స్, హ్యుందాయ్‌కి సరఫరా చేసే శారదా మోటార్ అలాంటివే. దాన్ని అడ్డం పెట్టుకుని "కంపెనీకి వెళ్లే మాలే ఇది, డబ్బా మీద ముద్ర లేదు అంతే" అని అమ్మేవాళ్లూ ఉన్నారు. ముద్ర లేనప్పుడు ఆ మాటకి విలువ లేదు. పార్ట్ నంబరు, ప్యాకింగ్, బిల్లు ఉంటేనే నమ్మాలి.

ఏడాది లోపే అమ్మేసే కారుకి, లేదా పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గర పడి, రెన్యువల్ చేయించాలా వద్దా అని తేల్చుకోని కారుకి, ఉన్న డబ్బాకే మాటు వేయించడం తప్పేమీ కాదు. చిల్లు అతుకు దగ్గరో మూతి దగ్గరో ఉండి చుట్టూ రేకు గట్టిగా ఉంటే వెల్డింగ్ నిలుస్తుంది. సుత్తి తగిలితేనే సొట్ట పడే రేకు మీద వెల్డింగ్ పెడితే ఒక చిల్లు రెండవుతుంది. వెల్డింగ్ కారు మీదే పెడుతుంటే బ్యాటరీ తీగ ముందు తీసేయమని చెప్పాలి, లేకపోతే ఈసీయూకి ప్రమాదం.

స్క్రాప్‌లో పాత డబ్బా కొనడం మాత్రం ఒక్క సందర్భంలోనే అర్థవంతం. ముందు వైపు గుద్దుకుని స్క్రాప్‌కి వచ్చిన, రెండు మూడేళ్లే నడిచిన కారుదైతే వెనక డబ్బా కొత్తదానితో సమానం. లేకపోతే మీది ఏ వయసులో పోయిందో అదీ అదే వయసులో ఉంటుంది.

ఏది కొన్నా, కారు సంవత్సరం చెప్పి కొనకూడదు. రిజిస్ట్రేషన్ అయిన ఏడాదీ తయారైన ఏడాదీ వేరు కావచ్చు. ఒకే పేరుతో ఉన్న ఆల్టో బీఎస్-3లో, బీఎస్-4లో, బీఎస్-6లో వచ్చింది. దేశమంతటా బీఎస్-4 అమల్లోకి వచ్చింది 2017లో అయినా, హైదరాబాద్ లాంటి పెద్ద నగరాలకి అది 2010లోనే వచ్చింది. అంటే ఒకే ఏడాది కార్లలో కూడా రెండు రకాలు ఉండొచ్చు. ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు తీయించుకోవడం ఒక్కటే దారి.

బిగించే చేతి పని

మంచి డబ్బా కొని చెడ్డగా బిగిస్తే డబ్బు వృథా. ఇందులో అన్నిటికంటే పెద్ద తప్పు ఒకటుంది. ఆల్టో ఇంజిన్ అడ్డంగా ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ ఊపు పైపుకి తగలకుండా స్ప్రింగు బోల్టుల జాయింటో, ముడతల ఫ్లెక్సిబుల్ ముక్కో పెడతారు. అక్కడ లీకు వస్తే కొందరు దాన్ని ఏకంగా వెల్డింగ్ పెట్టి బిగదీసేస్తారు. లీకు ఆగుతుంది. ఇంజిన్ ఊపు మొత్తం మ్యానిఫోల్డ్ మీద పడి, కొన్నాళ్లకి అది పగులుతుంది. సైలెన్సర్ ఖర్చుకి అది చాలా రెట్లు. ఆ జాయింట్ దగ్గర కొత్త రింగు, కొత్త స్ప్రింగులు వేయించాలి తప్ప వెల్డింగ్ వద్దని ముందే చెప్పాలి.

రబ్బర్లు పాతవే వాడటం ఇంకో పిసినారితనం. కొత్త డబ్బా బరువుకి పాత రబ్బరు సాగి, గతుకుల రోడ్డు మీద డబ్బా వెనక ఇరుసుకో బంపర్‌కో తగులుతుంది. బోల్టులన్నీ వదులుగా పెట్టి, డబ్బా సరిగ్గా వేలాడుతోందో లేదో చూసి, ఇంజిన్ వైపు నుంచి వెనక్కి వరసగా బిగించుకుంటూ రావాలి. చుట్టూ ఎక్కడ చూసినా బాడీకీ డబ్బాకీ మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. పెట్రోల్ ట్యాంకు, బ్రేకు పైపుల దగ్గర ఇంకా ఎక్కువ.

కొత్త డబ్బా అడుగున సన్నటి రంధ్రం ఒకటి కనిపిస్తే కంగారు పడి మూయించకూడదు. లోపల చేరే నీరు కారిపోవడానికి పెట్టిన దారి అది. చలికాలం ఉదయం వెనక పైపు నుంచి తెల్లటి ఆవిరి, ఈ రంధ్రం నుంచి నల్లటి నీటి చుక్కలు రావడం మామూలే.

పని అయ్యాక గుడ్డతో చేసే లీకు పరీక్ష మళ్లీ ఒకసారి చేయాలి. ముఖ్యంగా ముందు సీట్ల కింద ఉండే జాయింట్ల దగ్గర. అక్కడి లీకు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. ట్రాఫిక్‌లో ఆగి ఏసీ వేసుకుని కూర్చున్నప్పుడు నేల సందుల్లోంచి లోపలికి రాగలదు. తలనొప్పి, మగత వస్తే అలసట అనుకుంటాం. కన్వర్టర్‌కి ముందు లీకైతే శుద్ధి కాని పొగే నేరుగా వస్తుంది. చివరి డబ్బా చిల్లుతో నెల రోజులు నెట్టుకురావచ్చేమో గానీ, ఇక్కడి లీకుతో ఒక్క రోజు కూడా తిరగకూడదు.

బీఎస్-4, బీఎస్-6 పెట్రోల్ కార్లకి కాలుష్య పరీక్షలో ఐడిల్ వద్ద కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. ఎక్కువ ఆర్పీఎం వద్ద గాలి, పెట్రోల్ నిష్పత్తిని కొలిచే లాంబ్డా కూడా 0.97, 1.03 మధ్య ఉండాలి. చిల్లులోంచి గాలి కలిస్తే ఈ లాంబ్డా అంకె తప్పుతుంది. ఇంజిన్ బాగానే ఉన్నా కారు ఫెయిల్ అవుతుంది. కాబట్టి డబ్బా మార్పించాలని ఉంటే సర్టిఫికెట్ గడువుకి ముందే మార్పించి, ఆ తర్వాత పరీక్షకి వెళ్లడం మేలు.

చివరిగా బిల్లు. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా కొంటే మిగిలేది ఇదివరకటి కంటే తక్కువ, గ్యారంటీ అడిగే హక్కు మాత్రం పూర్తిగా పోతుంది. కన్వర్టర్ కూడా మార్చిన పక్షంలో పాత ముక్కని డిక్కీలో పెట్టమని ముందే చెప్పాలి. దాని లోపలి పూతకి కొనేవాళ్లు ఉన్నారు, ఆ డబ్బు ఓనర్‌ది.